టెలికాం ఆంక్షలకు కారణం రాసి ఇవ్వండి: కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారమండి.

నేను గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. మాది సీ కేటగిరీ, అంటే చిన్న ప్రాంతానికే పరిమితమైన లైసెన్సు. ఊళ్ళలో కేబుల్ ఆపరేటర్లతో కలిసి ఇళ్ళకు ఫైబర్ కనెక్షన్లు ఇస్తుంటాం. మీరు మా గుంటూరు ఎంపీ, పైగా ఈ శాఖకే సహాయ మంత్రి. ఢిల్లీలో మీ శాఖ సంతకం చేసే కాగితం మా ఊళ్ళో కరెంటు స్తంభానికి కట్టిన డబ్బా దాకా ఎలా దిగివస్తుందో మీకు చెప్పడానికి నాకు వేరే భాష అక్కర్లేదు, అందుకే తెలుగులో రాస్తున్నాను.

విదేశీ టెలికాం పరికరాల మీద, ముఖ్యంగా చైనా కంపెనీల పరికరాల మీద మన దేశం పెట్టిన ఆంక్షల గురించి ఈ లేఖ. వాటిని ఎత్తేయమని నేను అడగడం లేదు. అవి ఉండాల్సినవే. ఒక కంపెనీని నమ్మదగినదని గానీ, కాదని గానీ ఏ కొలతతో తేలుస్తున్నారో ఆ కొలత బయటపెట్టండి. కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వండి. ఆ కారణం తప్పనిపిస్తే వెళ్ళి చెప్పుకునే చోటు ఒకటి చూపించండి. నేను అడిగేది ఇంతే. రాతలో లేని ఆంక్ష వల్ల వ్యాపారంలో న్యాయం పోతుందని అందరూ అంటారు. దానివల్ల భద్రత కూడా పలచబడుతుందని నేనంటాను.

ముందుగా, ఆంక్షలు ఎందుకు సరైనవో నాకు తెలిసినంత చెబుతాను. ఎందుకంటే "అంతా వ్యాపార కుట్ర" అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన పార్థివదేహం ఇంటికి చేరిన రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో టీవీ ముందు కళ్ళు తుడుచుకోని ఇల్లు తక్కువ. ఆ తర్వాత చైనా పరికరం కొనాలంటే ధర ఒక్కటే చూసి కొనడం ఎవరికీ మనసొప్పలేదు. అది ఆవేశం మాత్రమే కాదు. 2017లో చైనా చేసిన జాతీయ గూఢచార చట్టం 7వ అధికరణ ప్రకారం అక్కడి ప్రతి సంస్థా, ప్రతి పౌరుడూ ప్రభుత్వ గూఢచార పనికి సహకరించి తీరాలి. కంపెనీ యజమాని ఎంత నిజాయితీపరుడైనా, రేపు బీజింగ్ నుంచి ఫోన్ వస్తే "కుదరదు" అని చెప్పి కోర్టులో నిలబడే వీలు ఆయనకు లేదు.

పరికరం సంగతీ అంతే. బయటివాళ్ళు రూటర్‌నో బేస్ స్టేషన్‌నో ఒకసారి కొని బిగించే వస్తువనుకుంటారు. మాకు తెలిసింది వేరు. అమ్మిన కంపెనీతో సంబంధం ఆ పరికరం బతికున్నంత కాలం ఉంటుంది. ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు వాళ్ళే పంపాలి. పెద్ద సమస్య వస్తే వాళ్ళ ఇంజనీరు దూరం నుంచే లాగిన్ అయి చూడాలి. కొన్నరోజు ల్యాబులో పెట్టి పరీక్షించి బాగుందన్న పరికరం, ఆరు నెలల తర్వాత వచ్చే ఒక్క అప్‌డేట్‌తో వేరే పరికరం అయిపోగలదు. కాబట్టి "ఏ తప్పూ దొరకలేదు కదా, ఎందుకు ఆపారు?" అనే వాదన మొత్తం కథ చెప్పదు. నేడు తప్పు లేకపోయినా రేపు చేయించగలిగేవాడెవడు అన్నది కూడా చూడాలి. మంత్రిమండలి భద్రతా వ్యవహారాల కమిటీ 2020 డిసెంబరులో టెలికాం రంగానికి జాతీయ భద్రతా డైరెక్టివ్‌ను ఆమోదించినప్పుడు, మా పనిలో ఉన్న చాలామందిలాగే నేనూ అది మంచి పనే అనుకున్నాను.

ఆ డైరెక్టివ్ 2021 మార్చిలో లైసెన్సు షరతుగా మారింది. అదే ఏడాది జూన్ 15 నుంచి, అంటే గాల్వాన్ జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజు నుంచి, లైసెన్సు ఉన్న ఏ కంపెనీ అయినా నెట్‌వర్క్‌లో కొత్తగా పెట్టే పరికరం నమ్మదగిన వర్గాల (ట్రస్టెడ్ సోర్సెస్) నుంచే కొనాలి. ఏది నమ్మదగినదో చెప్పే అధికారం జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్తది. ఆయన వెనక డిప్యూటీ జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. అందులో మంత్రిత్వ శాఖల వాళ్ళతో పాటు పరిశ్రమ నుంచి ఇద్దరు, బయటి నిపుణుడు ఒకరు. పరికరం అమ్మేవాడు లోపలి చిప్పులు, బోర్డులు, సాఫ్ట్‌వేర్ ఎక్కడివో ప్రభుత్వ పోర్టల్‌లో చెప్పాలి. నెట్‌వర్క్‌లో అప్పటికే ఉన్నవాటిని పీకాల్సిన పని లేదు. ఏర్పాటు మొత్తంగా ఆలోచించి చేసిందే.

లోపమంతా ఒక్క చోట ఉంది. నమ్మదగిన వర్గాల జాబితా ఒకటి, అసలు కొనకూడనివాళ్ళ జాబితా ఒకటి ఉంటాయని అప్పుడే చెప్పారు. ఆ రెండూ జనం చూసేలా లేవు. ఏ లక్షణాలుంటే ఒక కంపెనీ మొదటి జాబితాలోకి వస్తుందో, ఏ లక్షణాలుంటే రెండో దాంట్లో పడుతుందో బయటికి వచ్చిన ఆదేశాల్లో లేదు. తిరస్కరిస్తే కారణం ఇవ్వాలన్న మాట గానీ, అప్పీలు ఎవరికి చేసుకోవాలన్న మాట గానీ వాటిలో కనిపించదు. 2021 మే 4న 5జీ ట్రయల్స్‌కు అనుమతులిచ్చినప్పుడు ఎరిక్సన్, నోకియా, శాంసంగ్, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్ పేర్లు ప్రకటించారు. చైనా కంపెనీలైన హువావే, జడ్‌టీఈ పేర్లు లేవు. ఎందుకు లేవో ఒక్క వాక్యం కూడా రాయలేదు. అందరికీ అర్థమైందిలే అని ఊరుకున్నాం. ప్రభుత్వ కొనుగోళ్ళకు సంబంధించి 2020 జూలై 23న వచ్చిన ఉత్తర్వులోనూ చైనా పేరు లేదు, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాలు అన్నారు. అక్కడ కనీసం నమోదు పద్ధతంటూ ఒకటి కాగితం మీద ఉంది. ప్రైవేటు నెట్‌వర్క్‌ల విషయంలో అదీ లేదు.

దీనివల్ల చైనా కంపెనీలకు అన్యాయం జరుగుతోందని చాలామంది అంటారు. నా దిగులు అంతకన్నా దగ్గరిది. 2024 అక్టోబరులో సరిహద్దు గస్తీ మీద ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టు చివర్లో ప్రధాని చైనాలోని తియాన్‌జిన్ వెళ్ళారు. అక్టోబరులో నేరుగా విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. పొరుగు దేశంతో సంబంధాలు బాగుపడితే ఎవరికి చేదు? సంతోషమే. కానీ చైనా గూఢచార చట్టంలో 7వ అధికరణ నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది. ఫర్మ్‌వేర్ పని చేసే తీరూ మారలేదు. మరి సంబంధాలు మెత్తబడుతున్న ఈ రోజుల్లో కొనకూడని జాబితాలోంచి ఒక పేరు నిశ్శబ్దంగా తీసేస్తే మనకెలా తెలుస్తుంది? ఏ కారణంతో పెట్టారో రాయలేదు కాబట్టి ఏ కారణం తీరిపోయిందని తీశారో అడగలేం. పత్రికలు అడగలేవు, పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేయాలన్నా పట్టుకోవడానికి కాగితం ముక్క లేదు. కొలత ఫలానా అని రాసి ఉంటే, దాన్ని సడలించాలనుకున్న ప్రభుత్వం కూడా పది మంది ముందు సడలించాల్సి వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో ఆంక్ష సరిహద్దులో వాతావరణాన్ని బట్టి బిగుసుకుంటుంది, దాన్ని బట్టే వదులవుతుంది. అలాంటిదాన్ని భద్రతా విధానం అని ఎలా అంటామండీ?

రహస్య సమాచారం బయటపెడితే దేశానికే నష్టం కదా అని మీ అధికారులు అంటారు. నిజమే, నిఘా వర్గాలు తెచ్చిన ప్రతి కాగితాన్నీ కంపెనీ వకీలు చేతిలో పెట్టమని నేననను. కానీ మధ్యే మార్గం లేదనడం సరికాదు. కేరళకు చెందిన మీడియావన్ టీవీ చానల్‌కు భద్రతా అనుమతి నిరాకరించి, కారణాలు సీల్డ్ కవర్లో కోర్టుకిచ్చిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: జాతీయ భద్రత అనే మాట అన్నంత మాత్రాన సహజ న్యాయ సూత్రాలు పక్కకు పోవు, ఆ మాట వెనక ఆధారం ఉండాలి, దాచాల్సినంత మేరకే దాచాలి. ఆ తర్వాత 2025 మే నెలలో టర్కీ కంపెనీ సెలెబీకి విమానాశ్రయాల్లో భద్రతా అనుమతి రద్దు చేశారు. మన హైదరాబాద్ విమానాశ్రయంలో కూడా ఆ కంపెనీ పని చేసేది. ఢిల్లీ హైకోర్టు సీల్డ్ కవర్లోని సమాచారం చూసి జూలైలో ప్రభుత్వం చేసింది సరైనదేనంది. రెండు తీర్పులూ రెండు వైపులకు లాగుతున్నట్టు కనిపిస్తాయి. అలా ఒక్కో కేసు కోర్టుకెక్కి ఒక్కో దిక్కుకు పోయే బదులు, టెలికాం రంగం వరకైనా మీరే ఒక దారి వేయవచ్చు. టీడీశాట్ మీ రంగానికే ఉన్న ట్రిబ్యునల్. మొత్తం ఫైలు చూసే అధికారం అక్కడి ధర్మాసనానికి ఇవ్వండి. తిరస్కరణకు గురైనవాళ్ళకు రహస్యం పోకుండా సారాంశమైనా అందే ఏర్పాటు చేయండి. ఇందుకు కొత్త సంస్థ పెట్టాల్సిన పని కూడా లేదు.

బ్రిటన్ ఏం చేసిందో చూడండి. 2010లో బ్యాన్‌బరీ అనే ఊళ్ళో హువావే పరికరాలను విప్పి చూసేందుకే ఒక కేంద్రం పెట్టించారు. దాని మీద పర్యవేక్షణ మండలి ఏటా నివేదిక ప్రచురించింది. 2019 నివేదికలో హువావే సాఫ్ట్‌వేర్ తయారీలో తీవ్రమైన లోపాలున్నాయని రాశారు. ఆ లోపాలు చైనా ప్రభుత్వం కావాలని పెట్టించినవని తాము అనుకోవడం లేదని కూడా అందులోనే రాశారు. ఈ రెండో మాట రాయడానికి ధైర్యం కావాలి. 2020 జూలైలో, హువావే మీద అమెరికా పెట్టిన చిప్పుల ఆంక్షల వల్ల ఇక ఆ పరికరాల భద్రతకు హామీ ఇవ్వలేమని చెప్పి, 2027 చివరికల్లా 5జీ నెట్‌వర్క్‌ల నుంచి హువావేను తీసేయాలని పార్లమెంటులో ప్రకటించారు. ఆ నిర్ణయంతో ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. కానీ ఏ కారణంతో, ఏ గడువుతో అన్నది ఎవరైనా చదువుకోవచ్చు, తిట్టాలన్నా దేన్ని తిట్టాలో తెలుస్తుంది. స్వీడన్‌లో అయితే హువావే కోర్టుకు వెళ్ళింది, వాదించింది, ఓడిపోయింది. ఓడిపోయాక ఆ నిషేధం ఇంకా గట్టిపడింది.

ఇక జెండా చూసి పరికరాన్ని తూచడం గురించి. 2024లో అమెరికాలో సాల్ట్ టైఫూన్ అనే పేరుతో బయటపడ్డ చొరబాటు సంగతి మీకు తెలిసిందే. చైనాకు చెందిన హ్యాకర్లు ఏటీ అండ్ టీ, వెరైజన్ లాంటి పెద్ద నెట్‌వర్క్‌లలో దూరి, పోలీసులు కోర్టు అనుమతితో ఫోన్లు వినే ఏర్పాటు దాకా వెళ్ళారు. హువావేను తన పెద్ద నెట్‌వర్క్‌ల గడప ఎప్పటినుంచో దాటనివ్వని దేశం అది. వాళ్ళు దూరింది చైనా రూటర్లలోంచి కాదు. అమెరికా కంపెనీల పరికరాల్లో సరిదిద్దకుండా వదిలేసిన పాత లోపాల్లోంచి, దొంగిలించిన పాస్‌వర్డులతో. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 2004–05లో గ్రీసులో ప్రధానితో సహా వంద మందికి పైగా ప్రముఖుల ఫోన్లను ఎవరో విన్నారు. ఆ స్విచ్‌లు స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌వి. అది కంపెనీ కావాలని చేసింది కాదు, ఎవరో దాని సాఫ్ట్‌వేర్‌లోకి దొంగ ప్రోగ్రాం ఎక్కించారు. మిత్ర దేశం పరికరమైతే చాలు, నిశ్చింతగా నిద్రపోవచ్చు అనుకుంటే ఇలాగే ఉంటుంది.

మా స్థాయిలో ఇంకో సంగతి చెప్పాలి. ఊళ్ళోని ఫైబర్ లైన్లన్నీ వచ్చి కలిసే ఓఎల్‌టీలు, ఆ లైను చివర ఇళ్ళలో పెట్టే ఓఎన్‌టీ డబ్బాలు మార్కెట్లో రకరకాల భారతీయ పేర్లతో దొరుకుతాయి. మూత తీసి చూస్తే చాలావాటిలో బోర్డు చైనాది, చిప్పు తైవాన్‌దో అమెరికాదో, మన దేశంలో జరిగింది స్క్రూలు బిగించి స్టిక్కర్ అంటించడం. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన విషయమే ఇది. పోర్టల్‌లో లోపలి భాగాల వివరాలు అడగడం అందుకే మంచి పని. కానీ అడిగి ఊరుకుంటే చాలదు, విప్పి చూడాలి. సీసీ కెమెరాల విషయంలో మీ ప్రభుత్వమే దారి చూపించింది. 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, 2025 ఏప్రిల్ నుంచి ఇంటర్నెట్‌కు తగిలించే ప్రతి కెమెరా, అది ఏ దేశానిదైనా, మన ల్యాబుల్లో భద్రతా పరీక్ష పాసవ్వాలన్నారు. విదేశీ కంపెనీలు గోల పెట్టాయి, పెడతాయి. అయినా ఆ నిబంధన నిలబడగలదు, ఎందుకంటే కొలత అందరికీ ఒకటే, కాగితం మీద ఉంది. కష్టమంతా ల్యాబుల దగ్గరే. టెలికాం పరికరాల భద్రతా పరీక్షలకు బెంగళూరులోని జాతీయ కమ్యూనికేషన్ భద్రతా కేంద్రం ప్రమాణాలు రాసింది. కానీ రూటర్లకు పెట్టిన గడువులు మళ్ళీ మళ్ళీ పొడిగించుకుంటూ పోవాల్సి వచ్చింది. పరీక్ష తప్పనిసరి చేసి పరీక్షించే చోటు చాలినంత లేకపోతే మిగిలేది టెన్షనే. ఇంత మంది ఎలక్ట్రానిక్స్ పిల్లలను ఏటా బయటికి పంపే మన రెండు రాష్ట్రాల్లో ఈ ల్యాబులు నడిపే మనుషులకు కొరత లేదు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

వ్యాపార న్యాయం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన వార్తల్లో ఇది కలగాపులగం అవుతోంది. ప్రభుత్వం తన కోసం కొనే వస్తువుల్లో ఎవరిని రానివ్వాలో ఎవరిని వద్దనాలో మన ఇష్టం, ప్రపంచ వాణిజ్య సంస్థలోని ప్రభుత్వ కొనుగోళ్ళ ఒప్పందంలో మనం చేరలేదు. కానీ ప్రైవేటు కంపెనీలు కొనే పరికరాలను కూడా ఆపినప్పుడు లెక్క మారుతుంది. అక్కడ మనకున్న అండ ఆ సంస్థ సరుకుల వాణిజ్య ఒప్పందమైన గాట్‌లోని 21వ అధికరణ, అంటే భద్రత కోసం ఇచ్చిన మినహాయింపు. ఒకప్పుడు ఆ మినహాయింపు వాడుకున్న దేశాన్ని ఎవరూ ప్రశ్నించలేరనుకునేవారు. 2019లో రష్యా, ఉక్రెయిన్ రవాణా వివాదంలో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ అలా కాదంది. రష్యా చెప్పిన కారణాన్ని పరిశీలించి, అది నిలబడుతుందని తేల్చి రష్యా వైపే తీర్పిచ్చింది. 2022లో అమెరికా ఉక్కు సుంకాలకు భద్రత పేరు చెబితే ఆ కారణం నిలబడలేదంది, అమెరికా ఒప్పుకోలేదు. గాల్వాన్ లాంటి ఘటన జరిగిన మన దేశానికి ఈ మినహాయింపు హక్కుగా దక్కుతుంది. అయితే అడిగిన రోజున చూపించడానికి అప్పుడే రాసిపెట్టుకున్న కారణం కావాలి. తర్వాత కూర్చుని అల్లిన కారణానికి విలువ ఉండదు.

భద్రత వేరు, దేశీయ పరిశ్రమకు అండ వేరు. రెండూ మంచివే, కానీ ఒకదాని ముసుగులో ఇంకోటి నడపకూడదు. మొబైల్ ఫోన్లు, బేస్ స్టేషన్లు వగైరా మీద మనం పెంచిన దిగుమతి సుంకాలు ఒప్పందానికి విరుద్ధమని యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ వేసిన కేసుల్లో 2023 ఏప్రిల్ 17న ప్యానెళ్ళు చెప్పాయి. ఇందులో చైనా లేదు, భద్రత ఊసూ లేదు. యూనియన్, జపాన్ కేసుల్లో మనం అప్పీలుకు వెళ్ళాం. వినాల్సిన అప్పీలు మండలిలో 2019 డిసెంబరు నుంచి సరిపడా సభ్యులే లేరు కాబట్టి ఆ కేసులు అలాగే ఆగిపోయాయి. దేశంలో తయారీ పెరగాలని సుంకం వేస్తే అలా అని చెప్పండి. 12,195 కోట్ల రూపాయలతో టెలికాం పరికరాలకు పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం తెచ్చినప్పుడు దాపరికం లేకుండానే చెప్పారు కదా. చైనా ఫైబర్ చౌకగా వచ్చి పడుతోందని మన తయారీదారులు మొర పెట్టుకుంటే కేంద్ర వాణిజ్య శాఖలోని డీజీటీఆర్ విచారణ చేస్తుంది, అవతలి కంపెనీకి నోటీసు ఇస్తుంది, రెండు వైపులా విని ఏం తేలిందో ప్రచురిస్తుంది. ఒక ఫైబర్ చుట్ట మీద సుంకానికి ఇంత పద్ధతి ఉన్నప్పుడు, ఒక కంపెనీని మొత్తం నెట్‌వర్క్‌ల నుంచే దూరం పెట్టే నిర్ణయానికి అందులో పావలా వంతు పద్ధతైనా ఉండవద్దా?

చైనా మాత్రం పద్ధతిగా చేస్తోందా అంటారు. చేయడం లేదు. 2023 మేలో అమెరికా కంపెనీ మైక్రాన్ చిప్పులు భద్రతా సమీక్షలో నెగ్గలేదని ఒక ప్రకటన ఇచ్చి, కీలక రంగాల్లో కొనవద్దన్నారు, వివరం చెప్పలేదు. అది చూసి మనమంతా అన్యాయం అన్నాం. బీజింగ్ చేస్తే అన్యాయమైంది ఢిల్లీ చేస్తే న్యాయమైపోదు. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు, ఎందుకంటే రేపు అమ్మబోయేది మనమే. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి చేసిన ఆ వ్యవస్థను ఇతర దేశాలకు అమ్ముతామని ప్రభుత్వమే అంటోంది. మనవాళ్ళు తయారుచేసింది బయట దేశాల్లో పనిచేస్తుందంటే నాకు ఎంత గర్వమో మాటల్లో చెప్పలేను. కానీ ఆ పరికరాలు పట్టుకుని మన ఇంజనీర్లు ఏ దేశానికో వెళ్ళినప్పుడు అక్కడి ప్రభుత్వం "భద్రతా కారణాల వల్ల వద్దు" అని ఒక్క ముక్కతో పంపించేస్తే? ఏ కారణమని అడిగే నైతిక హక్కు మనకు ఉండాలంటే ఇక్కడ మనం కారణం చెబుతూ ఉండాలి.

ఆ 4జీ గురించే ఇంకో మాట. 2020 మార్చిలో బీఎస్ఎన్ఎల్ 4జీకి టెండరు పిలిచి, గాల్వాన్ తర్వాత జూలైలో రద్దు చేశారు. స్వదేశీ పరికరాలతోనే చేద్దామన్నారు. సరైన నిర్ణయం, ఇప్పటికీ అదే అంటాను. 97,500కు పైగా టవర్లు వెలిగేసరికి ఐదేళ్ళు దాటింది. ఈలోగా ప్రైవేటు కంపెనీలు 2022 అక్టోబరులోనే 5జీకి వెళ్ళిపోయాయి. వాళ్ళలో కొందరి నెట్‌వర్క్‌లలో అప్పటికే ఉన్న చైనా పరికరాలు అలాగే పనిచేస్తూ వచ్చాయి, ఎందుకంటే పాతవాటిని డైరెక్టివ్ ముట్టుకోలేదు. అంటే దేశ భద్రత కోసం తీసుకున్న నిర్ణయానికి ఆ ఐదేళ్ళూ ధర చెల్లించింది ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు టవరు లేక దాని సిగ్నలే దిక్కైన ఏజెన్సీ గ్రామాలు. దేశం కోసం ఓపిక పట్టడానికి మన జనం వెనకాడరు. కానీ ఎంత నష్టమైందో, ఎవరి మీద పడిందో లెక్క వేసి వాళ్ళకు చెప్పిన వాళ్ళు లేరు.

రేపు ఆ ధర మా మీద పడబోతోందేమోనని నా భయం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో 21వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద నోటిఫై చేసిన దేశాల, వ్యక్తుల పరికరాలను వాడకుండా ఆపించే అధికారమే కాదు, ఉన్నవాటిని తీసేయించే అధికారం కూడా ప్రభుత్వానికి వచ్చింది. అవసరమైతే వాడాల్సిందే. కానీ ఆ నోటిఫికేషన్ వచ్చిన రోజున పెద్ద కంపెనీలు ఎలాగో నెట్టుకొస్తాయి. అప్పు తెచ్చి ఓఎల్‌టీలు కొని, నెలకు నాలుగైదు వందలకు కనెక్షన్ ఇచ్చే మాలాంటివాళ్ళం, మా కింద ఊరికొక కేబుల్ ఆపరేటరు, ఒక్క దెబ్బకు మూతపడతాం. అమెరికాలో 2020లో చట్టం చేసి హువావే, జడ్‌టీఈ పరికరాలు తీసేయమన్నప్పుడు చిన్న, గ్రామీణ ఆపరేటర్లకు ప్రభుత్వమే ఖర్చు ఇస్తానంది. మొదట 190 కోట్ల డాలర్లు కేటాయించారు. చాలలేదు, నాలుగేళ్ళు లాగారు, చివరికి 2024 డిసెంబరులో ఇంకో 300 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. ఆలస్యంగా ఇచ్చారని అక్కడివాళ్ళు తిట్టుకున్నారు గానీ, దేశ భద్రత ఖర్చు దేశానిదే అన్న సూత్రాన్ని ఒప్పుకున్నారు. మన చట్టంలో తీసేయించే అధికారం ఉంది, తీసేసినవాడికి ఏమిస్తారన్నది లేదు.

అందుకని మంత్రిగారూ, 21వ సెక్షన్ కింద తొలగింపు నోటిఫికేషన్ ఏదైనా వచ్చే లోపలే మీ శాఖ కొన్ని పనులు చేయాలని కోరుతున్నాను. నమ్మదగిన వర్గాలను తేల్చే కొలతలను ముసాయిదాగా ప్రచురించి, అందరి దగ్గరా అభిప్రాయాలు తీసుకోండి. మా సంఘాలు రాస్తాయి, పరికరాల కంపెనీలు రాస్తాయి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ను కూడా చూడమనండి. తిరస్కరణకు ఒక పేజీ కారణం, టీడీశాట్‌లో అప్పీలు, ఈ రెంటినీ నిబంధనల్లోనే రాయండి. జాబితాలో ఎన్ని పేర్లు చేరాయో, ఎన్ని పోయాయో ఏడాదికోసారి పార్లమెంటు ముందు పెట్టండి. పేర్లు చెప్పలేకపోతే సంఖ్యలైనా చెప్పండి, ఏ కొలత కింద అన్నది చెప్పండి. పాత పరికరాలు తీయాల్సి వస్తే పరికరం మామూలుగా పనిచేసే కాలాన్ని చూసి గడువివ్వండి. చిన్న ఆపరేటర్లకు, పల్లెల్లో టెలికాం సేవల కోసం పెట్టిన డిజిటల్ భారత్ నిధి నుంచి సాయం ఇచ్చే వీలు చూడండి. ఆ నిధికి డబ్బు మా లైసెన్సు రుసుముల నుంచే వస్తోంది.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మీరు గానీ, మంత్రి సింధియా గారు గానీ ఈ కొలతలు ఎప్పటిలోగా ప్రచురిస్తారో ఒక తేదీ చెప్పండి. మీరు గుంటూరు వచ్చినప్పుడు సమయమిస్తే, మా దగ్గర విప్పి ఉంచిన ఓఎన్‌టీ డబ్బాలు నాలుగైదు తీసుకొచ్చి, ఏ భాగం ఎక్కడిదో మీ ముందే చూపిస్తాను.

భవదీయుడు,
గుంటూరు జిల్లా నుంచి ఒక నెట్‌వర్క్ ఇంజనీరు